ఏడో దెబ్బ

స్టూలు కదిలింది. విమర్శకుడి చేతిలోని కాఫీ తొణికి ఒళ్ళో కాగితాల మీద పడింది.

"పేరుకి రేడియో స్టేషన్. కూర్చోడానికి సరైన స్టూలు ఒక్కటి లేదు!" అని విసుక్కున్నాడు.

అసలు విసుగు కాఫీ వల్ల కాదు. ఇంకో పావుగంటలో లోపలి గదిలో ప్రత్యక్ష ప్రసారం. 'రాప్ పాట కళేనా?' అన్నది చర్చ. అవునని చెప్పడానికి రాప్ పాడే ఒకమ్మాయి, కాదని చెప్పడానికి ఈయన. ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో కాదు కాదు అంటూనే ఉన్నాడు. ఇవాళ ఊరంతా వింటుండగా తన మాట నెగ్గకపోతే, ఇన్నాళ్ళ రాతా నీళ్ళపాలే.

ఎదురు బెంచీ మీద కూర్చున్న ముసలాయన లేచాడు. చేతిలో ఉన్న చిన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, స్టూలు పొట్టికాలి కింద దోపాడు.

"ఇప్పుడు కూర్చోండి సార్. కదలదు."

నిజంగానే కదల్లేదు.

"మీరిక్కడ కుర్చీలవీ బాగుచేస్తుంటారా?"

"అలవాటండీ. స్టూలు కదులుతుంటే నా మనసు ఊరుకోదు."

చర్చకు ముందు కాస్త వాదించి చూసుకోవడానికి మనిషి దొరికాడని విమర్శకుడు సంబరపడ్డాడు.

"ఈ రాప్ పాటలు మీరెప్పుడైనా విన్నారా?"

"వింటానండీ. మా మనవరాలు పెడుతుంటుంది."

"ఏముందండీ వాటిలో? ఎవరో చెమటోడ్చి వాయించిన ముక్కని కోసుకొచ్చి, దాన్నే తిప్పి తిప్పి వేసి, పైన గడగడా వాగడమేగా!"

"వాగినా లెక్కగానే వాగుతారండీ. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా చూసుకుంటారు."

"లెక్క సంగతి నేను చెబుతా వినండి." విమర్శకుడు స్టూలు ముందుకు జరపబోయి, కాలి కింద కాగితం గుర్తొచ్చి ఆగాడు. "ఒక పాత రికార్డుంది. పాట జనానికి పట్టలేదు. కానీ మధ్యలో ఒకచోట గొంతులన్నీ ఆగిపోయి ఉత్త డ్రమ్స్ వినిపిస్తాయి. ఎనిమిదే దెబ్బలు. ఈ పిల్లలు ఎత్తుకుపోయింది వాటినే. ఆ ఎనిమిదిలో ఏడోది ఉంది చూశారూ, అది వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. ప్రాణమంతా ఆ ఆలస్యంలోనే ఉంది. దాని మీద నేను పది పేజీలు రాశాను."

"పది పేజీలా!"

"రికార్డు అట్ట మీద ఆ డ్రమ్మర్ పేరైనా వెయ్యలేదు. ఇరవై ఏళ్ళు వెతికాను. కనిపిస్తే ఆ చేతులు ఒక్కసారి పట్టుకుందామని. పోయి ఉంటాడు పాపం."

ముసలాయన చేతులు మెల్లగా జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఆ ఏడో దెబ్బ... స్టూలు ఒరిగి తప్పిపోయిందేమోనండి," అన్నాడు.

"ఏమిటీ?"

"డ్రమ్స్ వాయించేవాడు కూర్చునేదీ స్టూలు మీదే కదండీ. ఒక కాలు పొట్టిదైతే మనిషి ఒరుగుతాడు, చెయ్యి ఆలస్యమవుతుంది. పాపం వాడు సిగ్గుతో ఆ రికార్డు మళ్ళీ విని ఉండడు. ఎన్నాళ్ళకో ఈ పిల్లలు ఆ తప్పునే ఏరుకుని వెయ్యిసార్లు వినిపిస్తే, అరె, ఇంత బాగుందా అనుకుని ఉంటాడు. తప్పులో అందం పట్టుకోవాలంటే ఎంత చెవి ఉండాలండీ! అది కళ కాదంటారా?"

విమర్శకుడికి ఒళ్ళు మండింది.

"స్టూళ్ళు బాగుచేసేవాడికి లోకమంతా స్టూళ్ళే కనిపిస్తాయి! అది తప్పు కాదయ్యా, ఏళ్ళ తరబడి చేసిన సాధన. తెలియని విషయాల్లో వేలు పెట్టకు."

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ముసలాయన మాత్రం నవ్వాడు.

"ఎంత ప్రేమండీ మీకు ఆ దెబ్బంటే!"

లోపల్నుంచి పిలుపొచ్చింది.

రాప్ పాడే అమ్మాయి మాటకారే గానీ, ఎవరో రావాల్సి ఉన్నట్టు మాటిమాటికీ తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. విమర్శకుడు ఏడో దెబ్బ గురించి చెబుతుంటే ఆ అమ్మాయి కూడా వేళ్ళతో బల్ల మీద ఆ ఎనిమిది దెబ్బలూ వేసింది. ఏడోది సరిగ్గా వెంట్రుకవాసి ఆలస్యంగా పడింది. విమర్శకుడు మాట మరిచిపోయి విన్నాడు. శ్రోతల ఫోన్లు చెరి సగం వచ్చాయి.

"అంకుల్, మీరూ మాలాగే వింటారు," అంది ఆ అమ్మాయి లేస్తూ. విచిత్రం, ఆయనకి కోపం రాలేదు. తేలిగ్గా, హాయిగా అనిపించింది.

బయటికి రాగానే రిసెప్షన్‌లో ఆవిడ అడిగింది.

"సార్, ఇక్కడ కూర్చున్న పెద్దాయన విజిటర్ స్లిప్పు ఇవ్వకుండానే వెళ్ళిపోయారు. మీకేమైనా ఇచ్చారా?"

"వెళ్ళిపోయాడా? ఎప్పుడు?"

"మీరు లోపలికి వెళ్ళగానే. ఆయన్నీ చర్చలోకి రమ్మన్నారు సార్, ఆయనే వద్దన్నారు. 'ఆయన పది పేజీలు రాసుకున్నాడమ్మా, చెడగొట్టడం ఎందుకు? పిల్లలూ విన్నారు, ఆయనా విన్నాడు, నాకింకేం కావాలి' అని నవ్వుకుంటూ వెళ్ళారు. నాకేం అర్థం కాలేదు."

ముసలాయన చేతిలో ఒకే ఒక్క కాగితం ఉండటం విమర్శకుడికి గుర్తొచ్చింది. గబగబా వెళ్ళి, వంగి, స్టూలు కాలి కింది నుంచి దాన్ని లాగి మడతలు విప్పాడు.

'వచ్చిన పని' అన్నచోట వణుకుతున్న అక్షరాలు ఉన్నాయి: "ఆ రికార్డులో ఏడో దెబ్బ నేను తప్పు వాయించానని చెప్పడానికి."