జెట్టీ చివరి మూల

“ఆ మూలలో బకెట్ పెట్టకండి బాబూ, అది నా చోటు,” అన్నాడు పెద్దాయన.

ఎలక్ట్రీషియన్‌కి ఒళ్లు మండిపోయింది.

తెల్లారీ తెల్లారకముందే లేచి వస్తే, ఈయన అప్పటికే తిష్ఠ వేసేశాడు. జెట్టీ మీద గాలం వేసేవాళ్లకి ఒకటే చట్టం. ముందు బకెట్ పెట్టినవాడిదే చోటు. చివరి మూలలో నీళ్లు లోతు, పెద్ద చేపలన్నీ అక్కడే తిరుగుతాయి. రెండేళ్లుగా ఆ మూల ఈయన కబ్జాలోనే ఉంది. పోనీ పడతాడా అంటే, ఆయన బకెట్‌లో ఒక్క చేపని చూసిన పాపాన ఎవరూ పోలేదు.

“వదిలెయ్ రా, ఇటు కూర్చుందాం,” అన్నాడు బార్బర్.

“నువ్వూరుకో. ఇవాళ వదిలే ప్రసక్తే లేదు.”

ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు మరి. రోడ్డు వెడల్పు చేయడంలో బార్బర్ షాపు పోయింది. బావమరిది తన ఊళ్లో కొత్త షాపు చూశాడు. ఎల్లుండే ప్రయాణం. ఆ ఊళ్లో సముద్రం మాట దేవుడెరుగు, చెప్పుకోదగ్గ చెరువు కూడా లేదు.

పదిహేనేళ్లుగా ప్రతి ఆదివారం ఇద్దరూ ఇక్కడే. ఇన్నేళ్లలో బార్బర్ గాలానికి అరచేతిని మించిన చేప పడలేదు. “మా ఆయన పట్టేది లేదు, సముద్రానికి మేత వేసి వస్తాడు,” అంటుంది వాళ్లావిడ.

“ఒక్కటి రా, ఒక్క పెద్ద చేప పట్టి వెళ్లిపోతా,” అని వారం రోజులుగా బార్బర్‌ది ఒకటే పాట.

ఎలక్ట్రీషియన్ గొంతు తగ్గించాడు. “పెద్దాయనా, మావాడు ఊరొదిలి వెళ్లిపోతున్నాడు. ఈ ఒక్క పూట ఇవ్వండి.”

“వద్దు బాబూ. ఈ రెయిలింగ్ మంచిది కాదు.”

ఎలక్ట్రీషియన్ రెయిలింగ్ వంక చూశాడు. నీలం రంగు తళతళలాడుతోంది. నవ్వొచ్చింది.

గాలం వేసేవాడెవడైనా తన చోటు గురించి నిజం చెప్తాడా? పోయిన వారం తనే, నిండు బకెట్ మీద తువ్వాలు కప్పి, “ఇక్కడేం పడట్లేదన్నా,” అని ఇద్దర్ని పంపించేశాడు.

టీ తాగొస్తానని గేటు దాకా వెళ్లి వచ్చాడు.

“పెద్దాయనా, జెట్టీ ఆఫీసువాళ్లు వచ్చారు. గేటు దగ్గర మీకోసం చూస్తున్నారు.”

పెద్దాయన దిగ్గున లేచాడు. “బాగుచేయడానికేనా?”

“ఏమో, త్వరగా రమ్మన్నారు.”

“నేనొచ్చేదాకా దాన్ని ఆనుకోకండి,” అంటూ ఆయన పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

“పాపం రా,” అన్నాడు బార్బర్.

“పాపం లేదు, గీపం లేదు. గాలం వెయ్యి.”

పావుగంట గడవకముందే గాలం కర్ర విల్లులా వంగింది.

“ఒరేయ్, ఇది చేప కాదు రా, దున్నపోతు!”

“వదలకు! ఆనుకుని లాగు!”

బార్బర్ రెయిలింగ్‌కి పొట్ట ఆనించి లాగాడు.

అతుకు పటుక్కుమంది. నీలం రంగు పెచ్చుల కింద అంతా తుప్పే. రెయిలింగ్ బయటికి ఒరిగింది, దానితోపాటు బార్బర్ కూడా. ఎలక్ట్రీషియన్ అతని బెల్టు దొరకబుచ్చుకున్నాడు గానీ, ఆ బరువుకి తనూ అంచుకి జారిపోతున్నాడు.

వెనక నుంచి రెండు చేతులు ఎలక్ట్రీషియన్ నడుము పట్టుకున్నాయి.

ముగ్గురూ కుప్పలా వెనక్కి పడ్డారు. చేపా కర్రా సముద్రంలోకి పోయాయి.

బార్బర్ నేల పట్టుకుని వలవలా ఏడ్చాడు. పెద్దాయన స్తంభానికి జారగిలబడ్డాడు. ఆ వయసులో అంత దూరం రెండుసార్లు పరుగెత్తాడు.

“గేటు దగ్గర ఎవరూ లేరు బాబూ,” అన్నాడు.

తర్వాత ఇంకేం మాట్లాడలేదు. ముఖాన నీళ్లు చల్లారు, పిలిచారు, కుదిపారు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, టోపీ తీసేశాడు.

“నేనే అబద్ధం చెప్పి పంపాను,” అన్నాడు ఎలక్ట్రీషియన్, ఎవరూ అడక్కుండానే.

వాచ్‌మన్ నిట్టూర్చాడు. “రెండేళ్ల కిందట ఒక రాత్రి దీన్ని ఆనుకునే ఒకతను పడి చనిపోయాడు. ఆఫీసువాళ్లు సంగతి బయటికి పొక్కనివ్వకుండా, ఏటా రంగు పూసి చేతులు దులుపుకుంటున్నారు. బాగుచేసేదాకా ఇక్కడెవర్నీ నిలబడనివ్వనని, ఈయన రోజూ అందరికన్నా ముందొచ్చి బకెట్ పెట్టి కూర్చునేవాడు. గాలం వేయడం ఆయనకి రానే రాదు.”

ఎలక్ట్రీషియన్ వాచ్‌మన్ వైపు తిరిగాడు. “ఆ పడినతనికి ఈయన ఏమవుతారు? తండ్రా?”

“ఏమీ కారు,” అన్నాడు వాచ్‌మన్. “ఈ రెయిలింగ్‌కి వెల్డింగ్ చేసిన మేస్త్రి.”