నీళ్లు కారే చొక్కా

జనం కట్టిన ప్రీమియంలన్నీ పోసి బీమా కంపెనీ శంకర్‌పల్లి అవతల అరవై అంతస్తుల టవర్లు కట్టింది. కొనేవాడు రాలేదు. అవి ఖాళీ అని తేలితే విలువ పడిపోతుంది, కంపెనీ మునుగుతుంది. అందుకే ఇప్పుడు క్లెయిము కావాల్సిన వాళ్లు ముందు ఆరు నెలలు ఆ ఫ్లాట్లలో కాపురం ఉండాలి. రోజూ పొద్దున్నే డ్రోన్లు వచ్చి, బాల్కనీల్లో నీళ్లు కారే బట్టలను బట్టి మనుషుల్ని లెక్కపెట్టి పోతాయి.

భర్త సాయిలు పోయాక, అతని బీమా డబ్బు కోసం కళావతి నలభై ఒకటో అంతస్తుకి వచ్చింది. రోజూ ఒక చీర ఆరేసేది.

"ఒక్క చీరే ఉంటే సగం ఇల్లు ఖాళీ అని డ్రోను రాస్తది అక్కా," అన్నాడు సూపర్‌వైజర్ ఐలయ్య. "మగబట్టలు గూడ ఎయ్యి."

ఆమె పెట్టెలోంచి సాయిలు నీలిచొక్కా తీసింది. తడిపితే అతని వాసన పోతుందని తెలుసు. అయినా తడిపింది.

ఆరు నెలలు నిండాక కంపెనీ జవాబు వచ్చింది. ఐలయ్య చదివి కాగితం మడిచాడు.

"ఏమన్నరు తమ్మీ?"

"క్లెయిము రాదంట. బావ ఈ ఇంట్లనే బతికున్నడని డ్రోను రాసిందంట అక్కా."