గోడ మీద ఐదు తరగతులు

"మా ఎమోరీని మాత్రం ఆ పాఠాలకి కూర్చోబెట్టకండి, మిస్ టాలివర్. ఆరేళ్ళవాడు. బానిసల ఓడలూ సంకెళ్ళూ అని వింటే జ్వరం వస్తుంది. ఆ జ్వరం తలకెక్కుతుంది," అన్నాను.

ఆవిడ మా మేకన్ ఊరి బడి గోడకి అట్టలు గుచ్చుతోంది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా నల్లవాళ్ళ చరిత్ర ఒకదానికొకటి అతికేలా చెప్పాలట.

"ఒకటో తరగతికి మన రాజులూ, డప్పులూ, కథలే తల్లీ. ఓడ నాలుగులో. ఇంకా భయపెట్టేవి ఐదులో, అవీ మెల్లిగా."

"అయినా వాడు పిరికివాడు."

"వాడా? నిన్న వాడే క్లాసుకి పాఠం చెప్పాడు. దుకాణంలో జేబుల్లో చేతులు పెట్టకూడదట. రసీదు పైకి కనబడాలట. పోలీసు కనిపిస్తే పరుగెత్తకూడదట. ఎవరు నేర్పారురా అంటే, అమ్మ అన్నాడు."

"నేర్పకపోతే ఎలాగండీ? నల్లపిల్లాణ్ని చూస్తే దొంగే అనుకుంటారు. మూడో ఏటి నుంచీ చెబుతున్నాను."

ఆవిడ ఖాళీ అట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. "ఇదీ మన చరిత్రే. ఏ తరగతిలో గుచ్చమంటావు?"

చూశాను. ఒకటో తరగతికి ముందు గోడ లేదు, తలుపు ఉంది.

"రాజుల పాఠం ఎప్పుడండీ?" అన్నాను.

"సోమవారం."

"వాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. వెనకైతే సరిగా వినపడదు."