ఎనిమిదా, పదహారా?

ఏలూరులోని ఆ చేపల ఎగుమతి ఆఫీసులో సర్వర్ పొద్దుటి నుంచీ మూలుగుతోంది. కొల్లేటి చెరువుల నుంచి లారీలు వచ్చి గేటు దగ్గర నిలబడిపోయాయి. ఒక్క బిల్లూ కదలడం లేదు.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన మేనేజరు గోపీనాథ్ సెట్టింగులు చూసి తల పట్టుకున్నాడు.

"ప్రాసెసర్‌లో నిజంగా పని చేసే కోర్లు ఎనిమిదేనమ్మా సింధూరా! ఒక్కోదాన్నీ రెండుగా చూపించే హైపర్‌థ్రెడింగ్ పెట్టారు కదా, ఆపరేటింగ్ సిస్టమ్‌కి పదహారు కనిపిస్తున్నాయి. డేటాబేసు అది నమ్మేసి పదహారు మందికి పని పంచుతోంది. ఒక్కో కోరూ ఇద్దరి చాకిరీ చేస్తోంది, పాపం."

"అయితే రెండోది అబద్ధమంటారా సార్?"

"తేలిక పనులకి పర్వాలేదు. బరువు పడితే మాత్రం ఒకటి నడవాలంటే ఇంకోటి ఆగాల్సిందే."

ఆ హైపర్‌థ్రెడింగ్ తీసేసి సర్వర్‌ని మళ్లీ ఆన్ చేశాడు. బిల్లులు చకచకా వచ్చాయి. సింధూర మాత్రం మొహం కడుక్కుంటానని లేచి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చాక గోపీనాథ్ అసలు కబురు చెప్పాడు. డేటాబేసు చూసుకోడానికి ఇద్దరెందుకు, ఒకరు చాలన్నారట పైవాళ్లు. ఆ ఇద్దరూ సింధూర, ఆమె భర్త ఫణికిరణ్. హైవే మీద యాక్సిడెంట్ అయ్యాక ఆఫీసు లెక్కలో అతను గుండుగొలనులో ఇంటి నుంచే పని చేస్తున్నాడు. దవడకి దెబ్బ తగిలి మాట సరిగా రాదట. అన్నీ మెసేజ్‌లే.

"మీవారి పని ముచ్చటగా ఉంటుందమ్మా. కానీ ఆయన చేస్తుంటే మీరాగుతారు, మీరు చేస్తుంటే ఆయనాగుతారు. వంతులేసుకున్నారా ఏమిటి?"

"ఆలుమగలం కదండీ," అంది నవ్వబోయి.

"ఎవరిని ఉంచమంటారు మరి?"

"ఆయన్నే ఉంచండి సార్. ఆ కుర్చీ ఆయనకి ఉండాలి. అదీ పోతే నేను తట్టుకోలేనండీ."

గోపీనాథ్ ఉద్యోగుల జాబితా తీశాడు. ఎంత అదృష్టవంతుడయ్యా ఈ ఫణికిరణ్ అనుకుంటూ సింధూర పేరు కొట్టేశాడు. 'ఇంత మంచి భార్యని జాగ్రత్తగా చూసుకోండి' అని అతనికి మెసేజ్ కూడా పెట్టాడు.

బస్సులో గుండుగొలను వచ్చేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది. గుమ్మంలో అత్తగారు చేతిలో సంచీ అందుకున్నారు. సింధూర తిన్నగా భర్త దగ్గరికి వెళ్లింది.

"ఏవండీ, ఉద్యోగం మీకే ఉంచారండీ."

తర్వాత, పద్నాలుగు నెలలుగా కన్ను తెరవని ఆ మనిషి మంచం పక్కన కూర్చుని, రోజూలాగే అతని పేరుతో లాగిన్ అయి, గోపీనాథ్ మెసేజ్‌కి 'అలాగే సార్' అని జవాబు కొట్టింది.