ఎలుగమ్మ తేనె కొట్టు

వాగు ఒడ్డున ఎలుగమ్మ తేనె అమ్ముకునేది. ఏటా పది కుండలకు ఒకటి ఏనుగు రాజుగారికి పన్ను కట్టాలి. లెక్కలు రాని ఎలుగమ్మ ఆ పని కొండముచ్చుకు అప్పగించింది. "నిశ్చింతగా ఉండు, అంతా నేను చూసుకుంటా" అని అతను మూడేళ్లు కుండలు పట్టుకెళ్లాడు.

ఒకరోజు రాజభటుడు అడవిపంది వచ్చాడు. "మూడేళ్లుగా నీ పన్ను అందలేదు. రేపు కొట్టు మూసేస్తాం."

ఎలుగమ్మ పరుగెత్తింది. కొండముచ్చు జాడ లేదు. అతని చెట్టు కింద నాకేసిన కుండలు మాత్రం పడి ఉన్నాయి.

ఏడుస్తూ కూర్చున్న ఆమె దగ్గరికి, పక్కనే దుంపలమ్మే ముళ్లపంది వచ్చింది. "లే అక్కా, ఆ కుండలు పట్టుకో. రాజుగారి దగ్గరికి పోదాం. ఏటా నువ్వు వాడి చేతికివ్వడం నేను చూశాగా!"

నిండు సభలో ముళ్లపంది ముందుకొచ్చి సాక్ష్యం చెప్పింది. రాజుగారు కుండలు వాసన చూస్తే, తేనెతో పాటు కొండముచ్చు వాసనా తగిలింది. "తప్పు కొండముచ్చుది. నీ పన్ను చెల్లినట్టే. ఇకనుంచి నువ్వే తెచ్చివ్వు తల్లీ" అన్నారు.

బయటికొచ్చాక ఎలుగమ్మ చేతులు చాచి ఆగిపోయింది. "నిన్నెలా కావలించుకోనే, ఒళ్లంతా ముళ్లేనాయె!"

ముళ్లపంది తన ముళ్లన్నీ వెనక్కి అణుచుకుని దగ్గరికి జరిగింది.