పోయొస్త

ఆ మనిషి మళ్ళీ రాసుకుంటున్నాడు.

నల్లా కింద బిందె పెట్టి నిలబడ్డ మల్లవ్వకు ఒళ్ళు మండింది.

పేరు శివరాం అన్నాడు. వరుస గదుల ఈ పాత చాల్‌లో కింది ఖోలీ అద్దెకు తీసుకుని నెలే అయింది. నలభై దాటినవాడు, వెనకా ముందూ ఎవరూ లేరు. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. లేదంటే ఇదిగో, ఇలా మెట్ల మీద చేరి, నల్లా దగ్గర ఆడవాళ్ళు ఏం మాట్లాడితే అది చిన్న పుస్తకంలో ఎక్కించుకుంటాడు.

కామాటిపుర పదకొండో గల్లీలో ఇప్పుడు కలం పట్టిన మనిషంటేనే గుబులు. చాల్ కూలగొట్టి టవర్ కడతారట. ఎవరి కాగితాలు గట్టివో, ఎవరివి కావో రాసుకుపోయేవాళ్ళు వస్తూనే ఉన్నారు.

మల్లవ్వ ఖోలీ కాగితం ఇంకా చనిపోయిన మామ పేరు మీదే ఉంది.

ఆమె విసురుగా వెళ్ళి పుస్తకం లాక్కుంది.

"ఏం రాస్తున్నవయ్యా?"

"ఏం లేదవ్వా, మీ మాటలే."

మల్లవ్వ బడి మొహం చూడలేదు. పొట్లం కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. వేలు పెట్టి చదివింది.

'బిందెలు మూడు, నోళ్ళు ముప్పై.'

'నా బిందె జరిపిన చెయ్యి ఇరిగిపోను.'

రెండూ ఇందాక తన నోట వచ్చినవే!

"మా తిట్లు నీకెందుకు? బిల్డర్ పంపిండా?"

"కాదవ్వా. ఆట కోసం."

"ఆటనా!" ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. "మీసాలు నెరిసినంక గోటీలు ఆడుతవా?"

"వీడియో గేమ్ అవ్వా. ముప్పై ఏండ్ల కిందటిది. అందుల మనమే ఒక మనిషై ఊరూరు తిరగాలె, కనబడ్డోళ్ళతోని మాట్లాడాలె..." అతను ఆగాడు. "ఒకటి అడుగుత. ఇంట్లకెళ్ళి పోయేటప్పుడు మనోళ్ళు ఏమంటరు? పోత అంటరా?"

"పోత అంటరా ఎవరన్న? గట్లన్నోళ్ళు మళ్ళ రారు. పోయొస్త అనాలె."

అనేసి మల్లవ్వ పుస్తకం అతని ఒళ్ళో పడేసి, బిందె వైపు తిరిగింది. ఒకనాడు ఆమె మొగుడు తొందరలో "పోతున్న" అని పనికి బయల్దేరాడు. కడుతున్న మేడ మీద నుంచి పడ్డాడు.

మళ్ళీ చూస్తే శివరాం కలం కదులుతోంది. అది కూడా రాసేసుకుంటున్నాడు!

ఇక ఆమె కోపానికి అడ్డు లేదు.

"దుర్గయ్యా! ఈనె ఉంటడా, నేనుంటనా తేల్చు!"

చాల్ పెద్ద దుర్గయ్య తేల్చేశాడు. మధ్యాహ్నానికల్లా శివరాం కంప్యూటర్ చంకన పెట్టుకుని బయటికొచ్చాడు. మల్లవ్వ గడప ముందు మాత్రం ఆగాడు.

"పోయొస్త అవ్వా."

"రావద్దు. పో!"

ఆర్నెల్లు గడిచాయి. సర్వేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. శివరాంను పంపేసినంత మాత్రాన ఏదీ ఆగలేదు.

మల్లవ్వ మనవరాలు ప్రతీక్షకు ఒక పిచ్చి ఉంది. పాత ఆటలు ఫోన్‌లో ఆడి, వాటిలో ఈ రోజుకీ దమ్ముందా లేదా అని వీడియోలు పెడుతుంది. మాటలన్నీ హిందీ, మరాఠీ. తెలుగు దాని నోట రాదు.

"క్యా బోరింగ్ హై ఆజీ!" తెర మీద బొమ్మలు చీమలంత ఉన్నాయని దాని గోల. "చలో, చలో, బస్." అంతలోనే కళ్ళు చిట్లించింది. "అరే! యే తెలుగు హై క్యా? పఢో నా ఆజీ."

ఎవరో పరదేశపు ఆటలో ఇంగ్లీషు మాటలన్నీ తీసేసి, తెలుగు పెట్టి, ఊరికే ఆడుకోమని వదిలారట.

మల్లవ్వ కళ్ళజోడు సవరించుకుంది.

ఊరి మొదట్లో బోర్డు. 'పదకొండో గల్లీ.'

బావి దగ్గర చీమంత ఆడమనిషి. 'బిందెలు మూడు, నోళ్ళు ముప్పై.'

పక్కన ఇంకొకతె. 'నా బిందె జరిపిన చెయ్యి ఇరిగిపోను.'

"నా మాటలు!" మల్లవ్వ లేచి నిలబడింది. "దొంగ! నా నోట్లకెళ్ళి ఎత్తుకపోయిండు!"

ప్రతీక్ష పడీ పడీ నవ్వింది. "ఇరిగిపోను... ఇరిగిపోను..." అని తానే రెండుసార్లు అనుకుంది.

మనవరాలి నోట తెలుగు మాట! మల్లవ్వ మెల్లగా కూర్చుంది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె చదవడం, పిల్ల నడవడం. కమ్మరి కొట్లో తన సణుగుడు. సత్రంలో తన ఎత్తిపొడుపు. రాక్షసుణ్ణి చూసి తను ఎలుకను తిట్టే తిట్టు.

"ఆజీ, దమ్ హై!"

"ఉండదా మరి? ఎవరి మాటలనుకున్నవ్? లేదన్నోని పండ్లు రాలగొడుత!"

అంటూనే కిటికీలోంచి కేకేసింది. "దుర్గయ్యా, ఆ శివరాం నంబరుందా?"

కింద నుంచి జవాబొచ్చింది. "పోయేనాడు ఇస్త అన్నడు వదినా. నువ్వే తీసుకోవద్దంటివి."

ఫోన్‌లో ఊరి దర్వాజా వచ్చింది. అక్కడ కర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ. ఎదుట రెండు మాటలు మెరిశాయి.

పోత. పోయొస్త.

ప్రతీక్ష మొదటిది నొక్కింది. దర్వాజా కదలలేదు.

"గది కాదు బిడ్డా," అంది మల్లవ్వ. "కిందిది."

దర్వాజా తెరుచుకుంది. ముసలమ్మ తల మీద పేరు వెలిగింది. 'మల్లవ్వ.' దాని కింద ఆమె మాట.

'పోయిరా బిడ్డా. నువ్వొచ్చేదాక తలుపు తీసే ఉంచుత.'

ఆటలో మాటలన్నీ మల్లవ్వ అన్నవే. ఆ ఒక్కటీ ఆమె అనలేదు, అతనే రాసుకున్నాడు.