రోజుకొక్కరు

"ఎండల మోకాళ్ల మీద కూచోబెడితే అదే దినం తండాకు పోత. మల్ల రాను."

హైస్కూల్లో ఎనిమిదో తరగతి మొదలైన రోజు, మధ్యాహ్నం అన్నాలప్పుడు రూప్లి అన్న మాట అది.

విన్నది ఒక్క ఆరిఫానే.

మిగతా ఆడపిల్లలు దూరంగా కూర్చున్నారు. తండా పిల్ల మాటమాటకూ లంబాడీ కలుపుతుంటే వాళ్లకు నవ్వు. ఆరిఫా ఇంట్లో ఉర్దూ. ఆ మాటలూ ఈ మాటలూ కొన్ని చుట్టాల్లా కలుస్తాయి కదా, ఆమెకు బాగానే అర్థమయ్యేది.

"నిన్నెందుకు కూచోబెడతరు?" అంది ఆరిఫా.

"మా అన్న బిచ్యాను గిదే బళ్లె కూచోబెట్టిన్రు. సిగ్గుతోని ఇంటికొచ్చిండు, మల్ల పోలే. ఇప్పుడు మేకలు కాస్తుండు. నేనన్న సదువాలని మా యాడి..."

తల్లి మాట వచ్చేసరికి రూప్లి తల గిన్నె మీదికి వంచేసింది.

ఆరిఫా తన రొట్టెలో సగం తుంచి ఆమె గిన్నెలో పెట్టింది.

ఆరిఫా కూడా ఊరికి కొత్తే. తండ్రి అహ్మద్ పాషా ఆ ఎండాకాలమే వచ్చి, బస్సులు ఆగే చోట కుట్టుమిషను పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఎక్కడ చదివింది, ఎట్లా చదివింది అని అడిగినవాళ్లు లేరు.

ఇంగ్లీషు సారుకు ఒక పద్ధతి ఉండేది. గదిలోకి వస్తూనే వరసగా ఒక్కొక్కరినీ లేపి మాటలకు అర్థాలు అడుగుతాడు. చెప్పలేని పిల్ల దొరికిందా, ఇక అడగడం ఆపేస్తాడు. ఆ పిల్లను బయట మోకాళ్ల మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెడతాడు. రోజుకొక్కరు చాలు ఆయనకు.

రెండో రోజు ఆరిఫా తన బెంచీ మీద వాన కారుతోందంటూ లేచి వచ్చింది. రూప్లిని లోపలికి జరగమని, వరస ముందు తన దగ్గరికి వచ్చే వైపు కూర్చుంది.

"ఫారెస్ట్ అంటే?" అన్నాడు సారు.

ఆరిఫా నిలబడి నేల చూసింది.

"సుట్టూ అడివే గదనే! అడివిల ఉండి ఫారెస్టు తెల్వదా? నడువ్ బయటికి."

గది గొల్లుమంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వానొస్తే వరండాలో, ఎండొస్తే ఎండలో, ఇంగ్లీషు గంట మొత్తం ఆరిఫా బయటే.

"ఏమే మొద్దూ, మోకాళ్లకు దిండ్లు కుట్టియ్యమనరాదే మీ అబ్బాను!" అనేది తరగతిలోని గ్రేస్.

మొదటిసారి ఆ మాటకు రూప్లి కూడా నవ్వింది. పాపం, ఏం చేస్తుంది? తనకంటే తక్కువ పిల్ల ఒకతె ఉందంటే ప్రాణానికి ఎంత హాయి! ఆ నవ్వుతోనే గ్రేస్ వాళ్లు అన్నాలప్పుడు ఆమెను తమ పక్కన కూర్చోనిచ్చారు. అన్నం గిన్నె పట్టుకుని రూప్లి అటు వెళ్లిపోయింది.

ఆరిఫా పిలవలేదు. కానీ తరగతిలో రూప్లి పక్కన బెంచీ మీద చోటు మాత్రం మార్చుకోలేదు.

దసరా సెలవులయ్యాక ఆమె రాలేదు. పాషాకు ఇక్కడ కుట్టుపని సాగలేదట, మిషను ఎత్తుకుని పిల్లలతో కొత్తగూడెం వెళ్లిపోయాడట.

"మొద్దు పోయింది. గిప్పుడెవరో మరి!" అంది గ్రేస్.

ఆ రోజే వరస రూప్లి దాకా వచ్చింది.

"హంగర్ అంటే?"

తెలుసు. ఇన్నాళ్లూ భయం లేకుండా కూర్చుని విన్నది, తెలియకేం? కానీ నిలబడేసరికి గది మొత్తం ఆమె వైపు తిరిగింది. తెలుగు మాట ఎంత వెతికినా దొరకలేదు. ఇంటి మాట జారిపోయింది.

"భూక్."

"సార్, మొరుగుతుంది!" అన్నారెవరో.

లంబాడీలోనూ ఉర్దూలోనూ ఆకలి అంటే అదే. ఆ సంగతి చెప్పగలిగిన పిల్ల ఆ గదిలో ఇప్పుడు లేదు.

"తెలుగే రాదు, నీకు ఇంగ్లీషెందుకే? నడువ్."

కంకర రాళ్లు మోకాళ్లలోకి దిగాయి. కిటికీలోంచి గ్రేస్ వాళ్లు చూస్తూనే ఉన్నారు. రూప్లి కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత లేచింది. పుస్తకాల సంచీ కోసం కూడా లోపలికి వెళ్లలేదు. తిన్నగా గేటు దగ్గరికి నడిచి గడియ మీద చేయి వేసింది.

అప్పుడే బస్సు దిగిన ఒక పెద్దాయన, చేతిలో కాగితం చుట్టిన పొట్లంతో, గేటు అవతల నిలబడ్డాడు.

"ఏమ్మా, షేక్ ఆరిఫా ఈ బళ్లెనేనా? నేను కూసుమంచి నుంచి వస్తున్న. అక్కడ ఆ పిల్లకు పాఠం చెప్పిన సారును."

"లేదు సార్. కొత్తగూడెం పోయిన్రు."

"అయ్యో! మంచిగ చదువుతుండెనా ఇక్కడ?"

"ఏడ సార్! ఇంగ్లీషు రాక రోజు గీడనే మోకాళ్ల మీద ఉంటుండె."

పెద్దాయన నవ్వాడు. ఆమె మొహం చూసి ఆ నవ్వు ఆపేశాడు.

"ఇంగ్లీషు రాకనా? ఎవరికి, మా ఆరిఫాకా?"

"అవ్ సార్. ఏమడిగినా నోరు తెరవకపోతుండె. సారు ఆమె కాడనే ఆగుతుండె. నా దాంక రాకపోతుండె..."

తన నోటితో అన్న మాట తన చెవిన పడి, రూప్లి ఆగిపోయింది.

పెద్దాయన తల అడ్డంగా ఊపుతూ ఆఫీసు గది వైపు వెళ్లాడు. రూప్లి గేటు మీంచి చేయి తీసింది. ఎండలోకి వెనక్కి నడిచి, మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది.

ఆఫీసు గది కిటికీలోంచి పెద్దాయన గొంతు వినిపించింది: "నిరుడు ఏడో తరగతి పరీక్షల్ల మా మండలం ఫస్టు ఈ పిల్లనే సార్, ఈ ప్రైజు ఇచ్చిందే ఇంగ్లీషుకు."